ఎదురుచూపు ఎవరి వంతు?

డిసెంబరు నెలలో నిజామాబాద్ నుంచి బోధన్ రోడ్డు మీద పోయేవారికి రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, పొలాల పక్కన చెరుకు ఆకు కప్పిన గుడిసెలు. చెరుకు నరకడానికి నాందేడ్ వైపు నుంచి, మన తండాల నుంచి వచ్చిన కుటుంబాలు వాటిలో ఉంటాయి. రెండోది, క్రైస్తవుల ఇళ్ల ముందు, చర్చిల మీద వేలాడే కాగితపు నక్షత్రాలు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే, కొన్నేళ్ల కిందటి దాకా ఏమీ లేదనే మేము చెప్పేవాళ్లం.

మేము నాయకపోడు తెగవాళ్లం. మా తాత ఇంట్లో లక్ష్మీదేవర ఉండేది, గుర్రం ముఖంతో చేసిన కొయ్య దేవర. పాండవుల ముఖాలు కూడా ఉండేవి. మా అమ్మ జ్వరంతో చావు దాకా వెళ్లి సిస్టర్ల దవాఖానలో బతికింది, ఆ తరువాత కొన్నేళ్లకు జ్ఞానస్నానం పుచ్చుకుంది. అందుకని మేము రెండు పండుగలకూ చుట్టాలమే. దేవర ఊరేగింపులో డప్పు వినిపిస్తే కాళ్లు ఆగవు, డిసెంబరు వస్తే అమ్మతో పాటు పూజకు పోకుండా ఉండలేం. దీన్ని తప్పనేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. వాళ్లతో వాదన ఈ వ్యాసంలో పెట్టుకోవడం లేదు.

కొన్నేళ్ల కింద ఆగమన కాలపు మొదటి ఆదివారం ఫాదర్ గారు ప్రసంగంలో ఎదురుచూపు గురించి చెప్పారు. ప్రభువు రాకడ కోసం ఓపికతో ఎదురుచూడటం క్రైస్తవుని గుణమని, అందరం అది నేర్చుకోవాలని అన్నారు. పూజ అయిపోయి అందరం బయట నిలబడ్డప్పుడు, చక్కెర మిల్లులో ముప్పై ఏళ్లు పని చేసిన ఒక పెద్దాయన ఆయన దగ్గరికి వచ్చి అడిగాడు: "ఎదురుచూసుడు గూడ మాకు నేర్పాల్నా ఫాదర్? మిల్లు తెరుస్తరని ఎన్నేండ్ల సంది చూస్తున్నం. మాకంటే బాగ ఎవలకొస్తది అది?"

ఫాదర్ గారు నవ్వి తప్పించుకోలేదు. "నువ్వన్నది నిజమే పెద్దాయనా. నాకు జవాబు తోచలేదు. వచ్చే ఆదివారం చెప్తా" అన్నారు. ఆ పెద్దాయన ప్రశ్న ఆ రోజు నుంచి మమ్మల్ని వదలలేదు. తోటి ఉపాధ్యాయులకు, మన పిల్లలకు ఆ ప్రశ్నను అందించాలనే ఇది రాస్తున్నాం.

ఆ మిల్లు సంగతి ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. మంజీరా మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరుకు పండింది. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. ఆసియాలోనే పెద్దదని మా చిన్నతనంలో పెద్దలు గొప్పగా చెప్పేవారు. ఆ సైరన్ కూత విని పొద్దు చూసుకున్న ఊళ్లు ఉన్నాయి. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు మూతపడింది. ఆ యేడు ఆగమన కాలంలో నాలుగో కొవ్వొత్తి వెలిగించిన మూడు రోజులకే కార్మికుల ఇళ్లలో ఏ పండుగ ఉంటుందో మీరే ఊహించుకోండి. తెరుస్తామన్న మాట ఎన్నికలకు ముందు, ఎన్నికల తరువాత వినిపిస్తూనే ఉంది.

ఆగమన కాలం అంటే తెలియని మిత్రుల కోసం కొంచెం చెప్పాలి. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం ఇది. నవంబరు 30న పునీత అంద్రెయ పండుగ. దానికి దగ్గరగా వచ్చే ఆదివారంతో ఇది మొదలవుతుంది. కథోలిక తిరుసభకు ఆరాధన సంవత్సరం మొదలయ్యేది జనవరి 1న కాదు, ఈ ఆదివారంతోనే. గురువులు ఊదా రంగు వస్త్రాలు వేసుకుంటారు, మూడో ఆదివారం మాత్రం గులాబీ రంగు వేసుకోవచ్చు. పచ్చని ఆకుల వలయంలో నాలుగు కొవ్వొత్తులు పెట్టి వారానికొకటి ఎక్కువ వెలిగిస్తూ పోతారు. ఆదివారం పూజలో మామూలుగా పాడే మహిమగీతం కూడా ఈ కాలంలో పాడరు, పండుగ దాకా దాచుకుంటారు.

చాలామంది దీన్ని బాలయేసు పుట్టుక కోసం చేసే ముస్తాబు అనుకుంటారు. కాని డిసెంబరు 16 దాకా చదివే పఠనాలలో ఎక్కువ భాగం పుట్టుక గురించి కాదు, లోకానికి తీర్పు తీర్చడానికి ప్రభువు మళ్లీ వచ్చే రోజు గురించి. 17 నుంచే బెత్లెహేము వైపు తిరుగుతాయి. పన్నెండో శతాబ్దపు పునీత బెర్నార్డు రాకడలు మూడు అన్నాడు: శరీరధారిగా ఒకసారి వచ్చాడు, చివర మళ్లీ వస్తాడు, ఈ రెండింటి నడుమ రోజూ మనిషి లోపలికి వస్తాడు. మొదటిది అయిపోయింది, చివరిది మన చేతిలో లేదు. నడిమిది మాత్రమే మన తలుపు దగ్గరి వ్యవహారం. మాకు ఈ మాట బాగా పట్టింది.

మన భాషలో ఒక చిక్కు ఉంది. 'నిరీక్షణ' అంటే మామూలు తెలుగులో ఎదురుచూడటం. తెలుగు క్రైస్తవుల మాటలో దానికి ఆశ అనే అర్థం కూడా ఉంది. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అని మూడు పుణ్యగుణాలు చెబుతారు కదా, అక్కడ నిరీక్షణ అంటే ఆశే. ఒకే మాటలో రెండూ ఉండటం అందంగానే ఉంది, కాని ప్రమాదం కూడా. ఎదురుచూసే ప్రతివాడికీ ఆశ ఉన్నట్టు అనిపిస్తుంది. మన గూడేలలో ఎదురుచూపు ఉంది, ఆశ చచ్చిపోయి చాలా కాలమైంది. ఆఫీసు వరండాలో కూర్చున్న ముసలాయనను "ఏమైతదే తాతా?" అని అడిగితే "ఏం గాదు బిడ్డా, అయినా రావాలె గద" అంటాడు. దానికి ఏ పేరు పెడతాం?

అడవి హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీకి ఆ భూమి మీద హక్కు ఇవ్వాలని అది చెప్పింది. తెలంగాణలో 2023 జూన్‌లో పోడు పట్టాలు పంచారు. వచ్చినవాళ్లకు వచ్చాయి. రానివాళ్లు ఇంకా ఎదురుచూస్తున్నారు. ఇన్నేళ్లలో వాళ్లు విన్న మాట ఒకటే, ఓపిక పట్టండి. ఓపిక పట్టమని చెప్పినవాళ్లెవరూ వాళ్లతో పాటు వరండాలో కూర్చోలేదు.

ఇక్కడ మేము ఆఫీసుల మీద నేరం మోపి తప్పుకుంటే అబద్ధమవుతుంది. మేమూ ఒక బల్ల వెనక కూర్చున్నవాళ్లమే.

ఏడెనిమిదేళ్ల కింద, సరిగ్గా ఇదే చెరుకు నరికే కాలంలో, ఒక లంబాడీ తల్లి తొమ్మిదేళ్ల బిడ్డను తీసుకుని మా బడికి వచ్చింది. మొగుడూ పెళ్లాం జంటగా నరికే పని. ముకద్దం దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఊరు వదలరాదు. ఈ పిల్ల పొద్దంతా గుడిసెలో చంటివాణ్ని పట్టుకుని కూర్చుంటుంది. "బడిల కూసోనియ్యిండ్రి సారూ, పగటీలి బువ్వన్న తింటది" అన్నది తల్లి. మేము టి.సి. ఏదని అడిగాం. లేదన్నది. మీ ఊరి బడి నుంచి తెప్పించుకోండి, అప్పటిదాకా ఆగండి అన్నాం. మర్యాదగానే అన్నాం. కోప్పడలేదు. అందుకే చాలా రోజులు అది తప్పని కూడా తోచలేదు.

ఆ పిల్ల రెండు రోజులు వచ్చి గేటు బయట వేపచెట్టు కింద కూర్చుంది. మూడో రోజు రాలేదు. వారం తరువాత చూస్తే ఆ చెలకలో గుడిసెలే లేవు, గుంపు ఇంకో ఊరికి పోయింది. 2009 విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్‌లో టి.సి. ఆలస్యమైందని చెప్పి చేర్చుకోవడం ఆపకూడదని స్పష్టంగా ఉంది. మాకది తెలియక కాదు. టెట్ పరీక్షకు బట్టీ పట్టిన సెక్షనే అది, మార్కు కూడా వచ్చింది. డి.ఎడ్. చదివి, ఆదివాసీ ఇంట్లో పుట్టి, అమ్మ పక్కన కూర్చుని నాలుగు కొవ్వొత్తులు చూసినవాళ్లం, ఒక బిడ్డను ఎదురుచూడమని పంపేశాం.

రెండో ఆదివారం ఫాదర్ గారు చెప్పిన జవాబు యోహాను గురించి. యేసుకంటే ముందు యొర్దాను ఏటి ఒడ్డున జనానికి స్నానమిచ్చిన మనిషి. ఆగమన కాలంలో రెండు, మూడు ఆదివారాలు ఆయనవే. జనం ఆయన దగ్గరికి పోయి, వచ్చేవాడు వస్తాడంటున్నావు సరే, అప్పటిదాకా మేమేం చేయాలని అడుగుతారు. లూకా సువార్త మూడో అధ్యాయంలో ఉన్న జవాబులు చూడండి. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి. తిండి ఉన్నవాడూ అంతే. పన్ను వసూలు చేసేవాడు నిర్ణయించినదాని కంటే ఎక్కువ గుంజకూడదు. సైనికుడు ఎవరినీ బెదిరించి డబ్బు లాగకూడదు, తన జీతంతో తృప్తిపడాలి. ఉపవాసాలు, మంత్రాలు అడగలేదు. ఎవరి బల్ల దగ్గర వాళ్లను సరిగ్గా ఉండమన్నాడు. మన సీమ భాషలో చెప్పాలంటే కాంటా దగ్గర తూకం సరిగ్గా ఉండాలి, ముకద్దం లెక్క సరిగ్గా ఉండాలి, రిజిస్టర్ ముందు కూర్చున్న సారు సరిగ్గా ఉండాలి.

ఇందులో మేము గమనించిన సంగతి ఒకటుంది. ఆయన ఏమీ లేనివాణ్ని ఓపిక పట్టమనలేదు. ఉన్నవాణ్ని ఇమ్మన్నాడు, గుంజేవాణ్ని ఆపమన్నాడు. ఎదురుచూసే కాలంలో చేయాల్సిన పనంతా ఉన్నవాడి మీద పెట్టాడు. పెద్దాయనకు ఫాదర్ గారు ఇచ్చిన జవాబు ఇదే: "ఆ మాట నీకు చెప్పడం నా పొరపాటు. మిల్లు తాళం ఎవరి చేతిలో ఉందో వాళ్లకు చెప్పాల్సింది." పెద్దాయన తల ఊపాడు, అంతకు మించి ఏమీ అనలేదు.

బోధన్ వాళ్లకు ఈ ఆలోచన యోహాను దాకా పోకుండానే దొరుకుతుంది. భారతంలోని ఏకచక్రపురం ఈ బోధనే అని ఇక్కడ పెద్దలు చెబుతారు. బకాసురుడికి రోజూ బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి పోవాలి. ఊరంతా కలిసి వంతులు వేసుకున్నారు. ఎవరి వంతు వచ్చేదాకా వాళ్లు ఎదురుచూస్తారు. చిన్నప్పుడు ఈ కథ వింటే భీముడి తిండి దగ్గర నవ్వు వచ్చేది. ఇప్పుడు ఆ వంతుల లెక్కే భయపెడుతుంది. ఎంత క్రమశిక్షణ గల ఊరో చూడండి! గొడవ లేదు, ఎవరూ ఎగ్గొట్టరు, అందరూ ఓపికగా తమ వంతు కోసం చూస్తారు. రాక్షసుడికి కావలసింది అదే. ఆశ్రయమిచ్చిన బ్రాహ్మణుడి ఇంట్లో ఏడుపు విని కుంతి లేచి లోపలికి పోయి అడిగింది, వంతు తప్పించింది. మా తాతలు భీముడి ముఖం తల మీద మోసింది ఊరికే కాదేమో అనిపిస్తుంది. మా తాతను అడిగితే మాత్రం "అది మన దేవర, మోయాలె, అంతే" అనేవాడు. మా అర్థాలు ఆయన నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

పునీతుల గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు చాలామంది పునీతుడంటే గాజుపెట్టెలో తెల్లటి బొమ్మ అనుకుంటారు. తిరుసభ సిద్ధాంతం ప్రకారం పునీతుల్ని తిరుసభ తయారు చేయదు, గుర్తిస్తుంది. మనిషి చనిపోయాక మామూలుగా ఐదేళ్లయినా ఆగి విచారణ మొదలుపెడతారు. సాక్షులు, కాగితాలు, అద్భుతాలు అన్నీ చూస్తారు. దైవసేవకులు, పూజ్యులు, ధన్యులు, పునీతులు అని మెట్లున్నాయి. ఇదంతా విన్నప్పుడు మాకు వచ్చిన మొదటి అనుమానం, మనవాళ్లకు కాగితాలెక్కడివి? భూమికి కాగితం లేదు, బడికి కాగితం లేదు, పుణ్యానికి ఉంటుందా? దీనికి తిరుసభ దగ్గర ఒక జవాబుంది. నవంబరు 1న సకల పునీతుల పండుగ. పేరు తెలియనివాళ్లు, ఏ పట్టికలోకీ ఎక్కనివాళ్లు అందరిదీ ఆ రోజు. కాగితం లేనివాళ్ల పండుగ అని మేము దానికి పేరు పెట్టుకున్నాం.

పట్టికలోకి ఎక్కిన మనలాంటివాడు ఒకడున్నాడు. ఆయన పండుగ సరిగ్గా ఆగమన కాలంలోనే, డిసెంబరు 9న వస్తుంది. పేరు హువాన్ డియేగో, మెక్సికో దేశపు ఆదివాసీ. సంప్రదాయం చెప్పే కథ ఇది. 1531 డిసెంబరులో టెపెయాక్ గుట్ట దగ్గర మరియమాత ఆయనకు కనిపించి, ఇక్కడ నాకు గుడి కట్టమని బిషప్ గారికి చెప్పమంటుంది. ఆయన పోతాడు. చాలాసేపు కూర్చోబెడతారు. బిషప్ విని, తరువాత రా, తీరిగ్గా మాట్లాడదాం అంటాడు. ఇది మనకు తెలియని కథా? ఆయన గుట్ట దగ్గరికి వచ్చి, నేను చిన్నవాణ్ని, నా మాట ఎవరు వింటారు, పెద్దవాళ్లనెవరినైనా పంపించు అని మొరపెట్టుకుంటాడు. ఆమె ఒప్పుకోదు, నిన్నే పంపుతానంటుంది. రెండోసారి పోతే గుర్తు తెమ్మంటారు, అంటే కాగితం తెమ్మన్నట్టే. నడుమ మామకు జబ్బు చేస్తే, ఆమె కంటపడకుండా ఇంకో దారిన పోదామని కూడా చూస్తాడు. చివరికి చలికాలంలో గుట్ట మీద పూసిన పూలను తన దుప్పటిలో పోసుకుని మూడోసారి అదే తలుపు ముందు నిలబడతాడు.

ఆయన అసలు ఉన్నాడా అని పండితులలో అనుమానాలున్నాయి. ఆ గుడి పెద్దగురువే అనుమానం బయటపెట్టి 1996లో పదవి వదులుకున్నాడు. రెండో జాన్ పాల్ పోపు గారు 2002 జూలై 31న మెక్సికో నగరంలో ఆయనను పునీతుడిగా ప్రకటించారు. అప్పుడు పెట్టిన అధికార చిత్రంలో ఆయనకు గడ్డం, తెల్లటి ఒళ్లు గీశారని, ఆదివాసీని స్పెయినువాడిగా చేశారని అక్కడివాళ్లు నొచ్చుకున్నారు. దాదాపు ఐదు వందల ఏళ్లు ఆగితే గుర్తింపు వచ్చింది, వచ్చినప్పుడు ముఖం మనది కాకుండా పోయింది. మన పాఠ్యపుస్తకాలలో ఆదివాసీ బొమ్మలు చూసే ఉపాధ్యాయులకు దీన్ని విడమర్చి చెప్పనవసరం లేదు.

తిరుసభ లోపల కూడా ఎదురుచూడమని చెప్పినవాళ్లు, చెప్పించుకున్నవాళ్లు ఉన్నారు. నిజామాబాద్ హైదరాబాద్ అగ్రపీఠం కిందికి వస్తుంది. అగ్రపీఠాధిపతులు పూల ఆంతోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు, దళితుల్లోనూ ఆయనే మొదటివారు. అందరం సంతోషపడ్డాం. ఇంత కాలం ఎందుకు పట్టిందన్న ప్రశ్న కూడా ఆ సంతోషంలోనే ఉంది.

మన దేశంలో మన గిరిజనుల కోసం ప్రాణం పోయిన సిస్టర్ రాణి మరియ గురించి పిల్లలకు చెప్పండి. కేరళలో పుట్టి, మధ్యప్రదేశ్‌లో ఇందోర్ దగ్గరి ఉదయనగర్ ప్రాంతంలో పని చేసింది. వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కిన భూమిలేని కూలీలను కూడగట్టి పొదుపు సంఘాలు పెట్టించింది. అది గిట్టనివాళ్లు కిరాయి మనిషిని పెట్టి 1995 ఫిబ్రవరి 25న నడుస్తున్న బస్సులో పొడిపించి చంపించారు. ఆ మనిషి జైలులో ఉండగా ఆమె చెల్లెలు, ఆమె కూడా కన్యస్త్రీయే, పోయి రాఖీ కట్టి తమ్ముడన్నది. 2017 నవంబరు 4న ఇందోర్‌లో తిరుసభ రాణి మరియను ధన్యురాలిగా ప్రకటించింది. ఆ సభకు ఆమెను పొడిచిన మనిషి కూడా వచ్చాడు. క్షమించడం ఎంత పెద్దదో అందరూ చెబుతారు. మాకు అంతకంటే ముందరి సంగతి ముఖ్యం: స్వర్గంలో అన్నీ దొరుకుతాయి, అందాకా వడ్డీ కట్టండి అని ఆమె చెప్పలేదు.

పునీతులంటే కథోలికుల పట్టికే అనుకోనక్కర లేదు. నిజామాబాద్ పక్కనే డిచ్‌పల్లి ఉంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, భర్తతో కలిసి, కుష్ఠు రోగుల కోసం 1915లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. వాళ్లు మెథడిస్టులు, కథోలికులు కారు. దానికి డబ్బిచ్చిన నర్సాగౌడ్ గారు హిందువు. ఊరి బయట చావు కోసం ఎదురుచూడమని వదిలేసిన మనుషులను లోపలికి పిలిచి మంచం వేశారు. ఏ మతం పట్టికలో వాళ్ల పేర్లు ఎక్కడున్నాయో మాకు పట్టింపు లేదు.

ఇక్కడిదాకా చదివి, అయితే ఎదురుచూపే తప్పా అని మీరు అడగవచ్చు. మేమూ అడుగుకున్నాం. తప్పు కాదు. చెరుకు నాటితే పది పన్నెండు నెలలు ఆగాలి, ముందే నరికితే రసం నీళ్లే. కడుపులో బిడ్డకు తొమ్మిది నెలలు కావాలి, మరియమ్మ కూడా అన్ని నెలలూ మోసింది. మూడో తరగతి పిల్లకు గుణింతాలు రావడానికి ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు ఆగాలి, బెత్తం పట్టుకుంటే రావు. గోదావరి అవతలి మన గోండు బంధువులను చూడండి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. దానికి ముందు మెస్రం వంశం వాళ్లు చెప్పుల్లేకుండా నడిచి గోదావరి జలం తెస్తారు. తెచ్చాక కూడా వెంటనే గుడిలోకి పోరు, మర్రిచెట్ల కింద బస చేసి ఆ గడియ కోసం చూస్తారు. అక్కడ ముసలివాళ్లు, పెద్దలు, కొత్త కోడళ్లు అందరూ కలిసే నేల మీద కూర్చుంటారు. ఒకరు కుర్చీలో కూర్చుని ఇంకొకరిని ఆగమనడం అక్కడ లేదు.

మాకు దొరికిన తేడా అదే. కలిసి ఎదురుచూడటం వేరు, ఒకరు ఇంకొకరిని ఎదురుచూడమనడం వేరు. క్రైస్తవ సిద్ధాంతంలో కూడా, పేతురు రెండో లేఖలో, మనుషులు మారాలని దేవుడే ఓపిక పడుతున్నాడన్న భావం ఉంది. అంటే ఆయన కూడా వరండాలోనే ఉన్నాడు. గోండులు చనిపోయిన పెద్దలు తమ పెర్సపేన్‌తో కలిసిపోయి తమతోనే ఉంటారంటారు. కథోలికులు విశ్వాస ప్రమాణంలో పునీతుల బాంధవ్యం అంటారు. ఈ రెండూ ఒకటేనని మేము అనడం లేదు. కలిపి వండితే రెండూ చెడతాయి. కాని బాంధవ్యం అన్న ఆ మాట మన చెవికి కొత్త కాదు. బంధువు తలుపు దగ్గరికి వస్తే కాగితం అడగం.

ఆ లంబాడీ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో, ఇప్పటికి ఆమె చేతికే కొడవలి వచ్చిందో ఏమో. దాన్ని సరిదిద్దే దారి లేదు. ఆగమన కాలంలో కథోలికులు పాపసంకీర్తనానికి పోతారు. మేము మా సంగతి అక్కడ చెప్పాం. ఫాదర్ గారు ఇచ్చిన ప్రాయశ్చిత్తం ప్రార్థనలు కాదు, మీకు రిజిస్టర్ ఉంది కదా, దాంతోనే చేయండి అన్నారు.

అప్పటి నుంచి నరికే గుంపులు దిగిన వారంలోనే ఇద్దరు తోటి ఉపాధ్యాయులతో కలిసి గుడిసెల దగ్గరికి పోతున్నాం, అడ్మిషన్ రిజిస్టర్ సంచిలో పెట్టుకుని. చంటిపిల్లలను కూడా తెచ్చుకోమంటాం, లేకపోతే అక్కలు రారు. గొడవ లేకపోలేదు. ఒక ముకద్దం, పిల్లలు బడికి పోతే గుడిసె ఎవరు కాస్తారని మా మీదికి వచ్చాడు. మా బడిలోనే ఒకరిద్దరు, మార్చిలో వెళ్లిపోయేవాళ్లకు ఇంత లెక్క ఎందుకని విసుక్కున్నారు. వాళ్లు అన్నదాంట్లో కొంత నిజం ఉంది, హాజరు శాతం పడిపోతుంది, పై నుంచి అడుగుతారు. ఈ యేడు పదకొండు మంది చేరారు. టి.సి. నంబరు గడిలో పదకొండు చోట్లా గీత గీశాం.

మూడో ఆదివారానికి ముందు రోజు, చెరుకు మోపు కట్టే చేతులతోనే ఒక తల్లి రిజిస్టర్ మీద వేలిముద్ర వేసి అడిగింది:

"మల్ల మేం పోయేటప్పుడు ఈడి కాగితం ఇస్తరా సారూ? ఆడికి పోతే ఆడ అడుగుతరు."

ఇస్తామన్నాం.

"ఎన్ని దినాలు పడ్తది?"

"అడిగిన దినమే" అన్నాం.